పెంచమన్నది అక్కే

ఫిబ్రవరి 2

నా బేస్ గిటారు పాత ఆంప్, అంటే ఆంప్లిఫయరు, ఇవాళ చచ్చిపోయింది. రిహార్సల్ మధ్యలో, మూడో పాట రెండో చరణం దగ్గర ఒకసారి దగ్గి, గరగరమని, ఆగిపోయింది. వెనక చెక్క విప్పి చూస్తే లోపలి స్పీకరు అంచు పొడవునా చిరిగి ఉంది. బావ డ్రమ్ముల వెనక నుంచి లేవకుండానే సంతాపం ప్రకటించాడు.

"పోనీలే బావమరిదీ. అది బేస్ గిటారులా ఎప్పుడు మోగింది గనక. నీ ఉపన్యాసంలా మోగేది. మొదట్నుంచి చివరిదాకా ఒకటే గరగర."

పంతులు నవ్వాడు. పంతులు మా బృందంలో గిటారు వాయిస్తాడు, పగలు బడిలో లెక్కలు చెబుతాడు, రెండు చోట్లా తప్పు ఎదుటివాడిదే అంటాడు. అక్క కూడా నవ్వింది, శబ్దం లేకుండా. బావ మెకానిక్ షెడ్డులో పాత టైర్ల మీద, మెడకు నీలం గుడ్డ చుట్టుకుని కూర్చుంటుంది. మూడు నెలలుగా రావడం, వినడం, వెళ్లడం, అంతే. మెడలో గడ్డ తీసేసినప్పుడు గొంతు నరానికి ఏదో తగిలిందట. విశ్రాంతి ఇస్తే గొంతు తిరిగి వస్తుందన్నారు.

వస్తుంది. రాక ఎక్కడికి పోతుంది.

ఏప్రిల్లో రవాణా కార్మికుల మహాసభ. ఆపరేషన్ తర్వాత అక్క మొదటిసారి పాడబోయేది అక్కడే. నేనూ బావా పంతులూ కలిసి చేసేది ఒట్టి చప్పుడు. అక్క నోరు తెరిస్తేనే అది మాట అవుతుంది. కాబట్టి ఈలోపు మంచి ఆంప్ కొనాలి. అద్దెది వద్దు. అద్దె సామానుతో విముక్తి గీతాలు పాడడం ఆత్మవంచన.

"ఆత్మవంచన సంగతి తర్వాత, ముందు ఆ వైరు పీకెయ్, కాలిన కంపు వస్తోంది," అన్నాడు బావ.

ఫిబ్రవరి 5

ప్రెస్సులో నా మడత మిషను మీదికి ఇవాళ వాయిద్యాల కేటలాగు వచ్చింది. మిషనులో చిక్కుకుని నలిగిన కాగితాలు నావి. నా చదువంతా ఇలా నలిగిన కాగితాల మీదే సాగింది. ఏ కరపత్రమూ మొత్తంగా దొరకదు. నాకు తెలిసిన సిద్ధాంతాల్లో సగం తొమ్మిదో పేజీ నుంచి మొదలవుతాయి.

నాకు అర్థమైనంత వరకు: ఆంప్ బలం. క్యాబినెట్, అంటే స్పీకర్లున్న పెట్టె, ఆ బలానికి నోరు. కాలితో నొక్కే పెడల్ ఆ నోటికి యాస. పది అంగుళాల స్పీకర్లు నాలుగున్న పెట్టెలో ప్రతి స్వరమూ విడివిడిగా, నిటారుగా నిలబడుతుంది. పదిహేను అంగుళాలది ఒక్కటే ఉన్న పెట్టెలో లోతు ఎక్కువ, కానీ శబ్దం ముద్దగా ఉంటుంది.

నిర్ణయించేశాను. పది అంగుళాలవి నాలుగు. శుభ్రమైన ఆంప్. నిజానికి ముసుగు అక్కర్లేదు. యాసలూ వద్దు, పెడళ్లూ వద్దు.

ఫిబ్రవరి 9

వాయిద్యాల కొట్టుకు అక్కా బావా నేనూ వెళ్లాం. అక్కడ నా నిర్ణయం గంట కూడా నిలవలేదు, అయినా ఓడిపోయినట్టు లేదు.

కొట్టాయన మా ఎదుట అన్నీ వరుసగా పెట్టాడు. ముందు నేను ఎంచుకున్న నాలుగు స్పీకర్లది వాయించాను. గాజు మీద వేలితో కొట్టినట్టు ఎంత స్పష్టంగా ఉందో. అక్క దూరంగా, మాకు వీపు పెట్టి, గోడకున్న గిటార్లు చూస్తూ నిలబడింది. తల అడ్డంగా ఊపింది. ఇంకొకటి. మళ్లీ అడ్డంగా. చివరికి కొట్టాయన మూల నుంచి ఒక పదిహేను అంగుళాల పెట్టె లాక్కొచ్చాడు. రిఫ్రిజిరేటరంత ఉంది. దాని ముందు ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ తగిలించాడు. ఆ పెడల్ శబ్దానికి గరుకు తెస్తుంది, ఒళ్లు పెంచుతుంది.

వాయించాను. అద్దాల బీరువా వణికింది. అక్క వీపు ఒక్కసారి నిటారుగా అయింది. పక్కకు జరిగి చూశాను. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. తాళం లెక్కపెడుతోందేమో.

"ఇది మీ ముగ్గురూ మోగించుకోవడానికైతే బ్రహ్మాండం," అన్నాడు కొట్టాయన. "పాడేవాళ్లుంటే మాత్రం ఆలోచించుకోండి. గొంతు ఎక్కడ కూర్చుంటుందో ఈ శబ్దం కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. మింగేస్తుంది."

"ఇదే," అంది అక్క.

ఆపరేషన్ తర్వాత అక్క బయటివాళ్ల ముందు మాట్లాడడం అదే మొదటిసారి. మాటలో సగం గాలి. కొట్టాయన మర్యాదగా వేరే వైపు చూశాడు.

"చెల్లెమ్మా, పాడేది మీరేనా?"

బావ, "ఇదే ఇచ్చెయ్యండి," అన్నాడు, గొంతు సవరించుకుని. ఏది కొన్నా మోయాల్సింది తనే గనక, బావ బరువు గురించి ఒక్క జోకైనా వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు.

దారిలో ఆలోచిస్తే అక్క ఎంపికే సరైనదనిపించింది. విడివిడి స్వరాలు వ్యక్తివాదం. ఈ ముద్ద శబ్దం గుంపు శబ్దం, వెయ్యిమంది ఒకేసారి నడిచినట్టు. అక్క ఏ కరపత్రమూ చదవకుండానే అక్కడికి చేరుకుంది.

ఫిబ్రవరి 10

పెట్టె షెడ్డుకు మోసుకొచ్చాం. నడుం లేవడం లేదు. పంతులు ఒక చెయ్యి వేసి, రెండు చేతులంత ఆయాసపడ్డాడు.

ఫిబ్రవరి 16

అక్క పాడింది.

ఇవాళ ఇంకేమీ రాయాలని లేదు. అక్క పాడింది. నేను ఆంప్ సగానికి పెట్టాను. "పెంచు," అని చేత్తో చూపించింది. పెంచాను. ఇంకా పెంచు. షెడ్డు రేకులు అదురుతున్నాయి. అప్పుడు కళ్లు మూసుకుని, గడ్డం ఎత్తి, పాత అక్కలాగే మొదలుపెట్టింది. ముఖం ఎలా వెలిగిందో. ఆపరేషన్‌కు ముందు కుట్టు ఫ్యాక్టరీలో మిషన్ల హోరు మీద పాడేటప్పుడు అలాగే ఉండేదని అక్కడివాళ్లు చెబుతారు.

గొంతు తిరిగి వస్తోంది. నాకు తెలుసు.

ఫిబ్రవరి 23

విమర్శ సమావేశంలో గొడవ.

రిహార్సల్ తర్వాత ఒకరు షెడ్డులో చెక్క స్టూలు మీద కూర్చోవాలి. మిగతావాళ్లు వాళ్ల లోపాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. స్టూలు మీద ఉన్నవాళ్లు మారు మాట్లాడకూడదు. మాట్లాడితే అది సమర్థింపు అవుతుంది. ఈ పద్ధతి ఒక కరపత్రం చదివి నేనే పెట్టాను. చివరి పేజీలు నాకు దొరకలేదు. కూర్చున్నవాణ్ని ఎప్పుడు లేపాలో ఆ పేజీల్లో ఉండే ఉంటుందని పంతులు అంటాడు.

ఇవాళ బావ వంతు. నేను చెప్పాను: అక్క పాడుతున్నప్పుడు నువ్వు తల దించుకుని వాయిస్తున్నావు, ఉత్సాహం లేదు, నిబద్ధత లేదు, భార్య పాడుతుంటే ఎవరో పరాయివాళ్లు పాడుతున్నట్టు ఉంటున్నావు. బావ నియమం ప్రకారం నోరు మూసుకున్నాడు. లేచాక మాత్రం స్టూలు కాలితో పక్కకు తోసి, "అయిపోయిందా? ఇంక టీ తాగొచ్చా?" అన్నాడు.

తర్వాత అక్కను కూర్చోమన్నాను. బావ వెంటనే, "తనను వదిలెయ్," అన్నాడు.

"ఎందుకు వదలాలి? జబ్బు చేసినవాళ్లకు మినహాయింపంటే రేపు పెద్దవాళ్లకు మినహాయింపు, ఎల్లుండి..."

"ఎల్లుండి సంగతి ఎల్లుండి చూద్దాంలే, నాయకుడా. వదిలెయ్యమన్నానా?"

వదిలేశాను. పంతులు నన్ను విద్యార్థిని చూసినట్టు చూశాడు, లెక్క మొదటి మెట్టులోనే తప్పిన విద్యార్థిని.

మార్చి 4

పెడల్ ఒకటే చాలనుకున్నాను కానీ ట్యూనర్ పెడల్ కూడా కొన్నాను. కాలితో నొక్కితే ఆంప్‌కు శబ్దం వెళ్లడం ఆగిపోతుంది. వేదిక మీద ఎవరికీ వినపడకుండా శ్రుతి చూసుకోవచ్చు. మళ్లీ నొక్కితే శబ్దం వస్తుంది.

"పెడళ్లు పెరుగుతున్నాయి, కాళ్లు రెండే ఉన్నాయి. జాగ్రత్త," అన్నాడు పంతులు.

మార్చి 16

బాగోలేదు.

ఇవాళ ఫోను షెడ్డు చివర, గేటు దగ్గర ఇనుప బీరువా మీద పెట్టి రిహార్సల్ మొత్తం రికార్డు చేశాను. సభలో వెనక వరుసలో కూర్చునే కండక్టరుకు ఏం వినపడుతుందో తెలుసుకోవాలని. మధ్యాహ్నం నా గదిలో విన్నాను. బేస్ ఉంది. డ్రమ్ములున్నాయి. గిటారుంది. అక్క లేదు.

మళ్లీ విన్నాను. చెవికి ఆనించుకుని విన్నాను. రెండు పాటల మధ్య బావ తుమ్మడం కూడా వినపడుతోంది. అక్క మాత్రం లేదు.

నేను మింగేశాను. కొట్టాయన చెప్పనే చెప్పాడు. నేనే ఆ పెట్టె ముందు రాజులా నిలబడి, సొంత అక్క గొంతు తొక్కేశాను. నేను ఎవరి మీద కరపత్రాలు చదువుతానో వాళ్లకూ నాకూ తేడా ఏముంది? అందరికంటే పెద్దగా అరిచేవాడు అధికారం కాక ఇంకేమిటి?

అమ్మ పోయిన తర్వాత నాకు మాటలు నేర్పింది ఆ గొంతే. అది వినపడకుండా నేను చేశాను.

(పెంచమన్నది అక్కే. కానీ నేను పెంచకుండా ఉండాల్సింది.)

మార్చి 18

తగ్గించాను. ఓవర్‌డ్రైవ్ తీసేశాను. ఆంప్ మీద మధ్య స్వరాల మీట కూడా సగానికి దించాను, అక్క గొంతుకు చోటు వదలాలని. మొదటి పాట నాలుగో మాట దగ్గర అక్క ఆగిపోయింది. దాహం అంది. నీళ్లు తాగింది. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ ఆగింది.

"పెంచు," అంది.

"వద్దక్కా. నువ్వు వినపడడం లేదు."

"పెంచరా."

"నేను రికార్డు చేసి విన్నాను. నీ గొంతు అసలు..."

"నేను అడిగానా, వినమని?"

బావ కర్రలు కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. అక్క తనే వచ్చి, వంగి, ఆంప్ మీద మీటలన్నీ పాత చోటికి తిప్పింది. ఒక్కటీ తప్పలేదు. ఏ మీట ఎక్కడ ఉండాలో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

మార్చి 23

ఇంకో సంగతి. కనీసం ఒక్క పాటలోనైనా అక్క తన మైకు తనే తగ్గించుకుంటోంది. ఇవాళ చూశాను. పాడడానికి ముందు ఎవరూ చూడకుండా, మైకుల శబ్దం పెంచి తగ్గించే మిక్సరు మీద తన మీట కిందికి లాగింది.

అంటే దాక్కుంటోంది. గొంతు కొంచెం మారిందని సిగ్గుపడి, జనం నుంచి దాక్కుంటోంది. అక్క. ఫ్యాక్టరీ యజమాని కారుకు అడ్డంగా నిలబడి పాడిన మనిషి.

ఇది మధ్యతరగతి మొహమాటం. ఆ జబ్బు మా ఇంట్లోకి ఎలా వచ్చింది?

మార్చి 30

అక్కను స్టూలు మీద కూర్చోబెట్టాను.

అలా రాయడం కూడా సరి కాదు. నేను అడిగాను, బావ లేచి నా చొక్కా పట్టుకున్నాడు, పంతులు మధ్యకు వచ్చాడు, అక్క ఈ గోలంతా చూసి తనే వెళ్లి కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిపిల్లలా.

బావ డ్రమ్ముల వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. పంతులు, "నాకు చెప్పడానికేమీ లేదు," అన్నాడు. నేను చెప్పాను. మనం జనం ముందు నటించకూడదన్నాను. కార్మికుడు చెయ్యి పోగొట్టుకుంటే ఆ చెయ్యి దాచుకుంటాడా, ఎత్తి చూపిస్తాడా అన్నాను. నీ గొంతు గాయపడి ఉండొచ్చు, ఆ గాయం కూడా జనానిదే, దాన్ని శబ్దం కింద దాచే హక్కు నీకు లేదన్నాను. ఇంకా చాలా చెప్పాను. బాగా చెప్పాను.

అక్క ఒకసారి నోరు తెరిచింది. నేను చెయ్యి ఎత్తాను. నియమం.

మూసుకుంది. నేను ముగించాక, "లేవొచ్చా?" అని అడిగింది.

ఏప్రిల్ 1

అక్క ప్రెస్సు గేటు దగ్గరికి వచ్చింది, ఫ్యాక్టరీకి వెళ్తూ వెళ్తూ. టిఫిన్ డబ్బా చేతిలో ఉంది.

"ఈ ఒక్క సభకు నేను చెప్పినట్టు వాయించు. తర్వాత నీ ఇష్టం. కావాలంటే రోజూ స్టూలు మీద కూర్చుంటాను."

"ఎందుకక్కా అంత పట్టుదల?"

"పట్టుదల నీ ఒక్కడిదేనా? నేనూ ఆ ఇంట్లోనే పుట్టాను." నవ్వింది. "మాట ఇస్తావా లేదా?"

ఇచ్చాను. నా చొక్కా మీద పడిన కాగితపు ముక్క తీసేసి వెళ్లింది.

ఏప్రిల్ 20

సభ అయింది. చివరి పాటలో నా కాలు ట్యూనర్‌కు తగిలింది.

ఏప్రిల్ 21

తగల్లేదు. నొక్కాను.

ఉన్నది ఉన్నట్టు రాయాలి. హాలు నిండిపోయింది. డ్రైవర్లు, కండక్టర్లు, వాళ్ల ఇళ్లవాళ్లు, గోడల వెంట నిలబడినవాళ్లు. అయిదు పాటలు అనుకున్నట్టే సాగాయి. అక్క చెప్పినట్టే వాయించాను, పెద్దగా, గరుకుగా. ముందు వరుసలో ఒక ముసలి డ్రైవరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ముందుకు వంగి, అక్క పెదాలకేసి చూస్తున్నాడు. మాటలు వినాలని. ఆయనకు వినపడడం లేదు. అది చూశాను. ఆ మనిషి ఈ పాట వినడానికి వచ్చాడు, అది ఆయనది, దాన్ని ఆయనకు అందకుండా అడ్డం నిలబడింది నేను. అంతే, ఇంకేమీ తోచలేదు.

చివరి పాట రెండో చరణం. నొక్కాను.

నా శబ్దం పోయింది. బావ వెంటనే తలెత్తాడు. ఒక్క క్షణంలో అర్థమైపోయింది ఆయనకు. నా చోటు నింపడానికి కర్రలు అంతకుముందెన్నడూ లేనంత గట్టిగా దించాడు. పంతులు కూడా గిటారు పెంచాడు. కానీ డ్రమ్ము దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీల్లో అక్క గొంతు వినపడింది.

అది గొంతు కాదు. ఎలా రాయాలో తెలియడం లేదు. తలుపు కింది నుంచి గాలి వచ్చినట్టు ఉంది. ఎక్కాల్సిన చోట ఎక్కలేదు, రెండుగా చీలి, ఒక ముక్క కిందపడిపోయింది. అక్క ఇంకో అర్ధ పాదం పాడింది. అంతవరకూ కళ్లు మూసుకునే ఉంది. అప్పుడు తెరిచింది. జనం వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. తన గొంతు మీద చెయ్యి పెట్టుకుంది, అక్కడ ఎవరో కొత్తవాళ్లు ఉన్నట్టు.

ఆగిపోయింది. బావ ఆగాడు. పంతులు ఆగాడు.

ముసలి డ్రైవరు లేచి చప్పట్లు కొట్టాడు. హాలంతా లేచింది. ఎంతసేపు కొట్టారో. అంత మంచివాళ్లను నేనెప్పుడూ చూడలేదు. అక్క ఆ చప్పట్ల కింద నిలబడి రెండు చేతులూ జోడించింది.

ఏప్రిల్ 22

నేను చేసింది సరైనదే. జనానికి నిజం దక్కింది. వాళ్లు దాన్ని గౌరవించారు. అంతమంది లేచి నిలబడ్డారంటే దాచాల్సిన అవసరమే లేదని రుజువైంది. తాత్కాలికంగా బాధ ఉండొచ్చు. ఆపరేషన్ కూడా బాధే. అక్కకు కొన్ని రోజుల్లో తెలుస్తుంది. తనే వచ్చి

ఏప్రిల్ 25

రాలేదు.

ఏప్రిల్ 27

షెడ్డుకు వెళ్లాను. డ్రమ్ముల మీద లారీ టార్పాలిన్ కప్పి ఉంది. నా ఆంపూ పెట్టే మూలకు జరిపి ఉన్నాయి, వాటి మీద ఎవరో బ్రేకు డబ్బాలు పెట్టారు. బావ లారీ కింద ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనపడుతున్నాయి.

"బావా."

"పదిహేడో నంబరు పానా ఇవ్వు."

ఇచ్చాను.

"అక్క ఎలా ఉంది?"

"పనికి వెళ్తోంది. తింటోంది. పడుకుంటోంది."

"నన్ను తిడుతోందా?"

కింద పానా తిరగడం ఆగింది.

"తిడితే నీకు బాగుండు కదా," అన్నాడు బావ. "తిట్టదు. ఇంట్లో పని చేసుకుంటూ ఏదో ఒకటి పాడుకునేది, ఆపరేషన్ అయ్యాక కూడా. కుళాయి తిప్పేసి, ఆ నీళ్ల హోరులో. ఇప్పుడు కుళాయి కట్టేసి గిన్నెలు తోముతోంది. నువ్వింక వెళ్లు. నేను ఇప్పుడు బయటికి వస్తే నిన్ను కొడతాను."

కొడితే బాగుండునని అక్కడే నిలబడ్డాను. రాలేదు. ఎదురుచూసి వచ్చేశాను.

మే 4

బేస్ వాయించలేదు. తీగెలు వదులు చేసి గోడకు ఆనించాను.

పంతులు వచ్చాడు. చాలాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు, "వెళ్లి కనపడు," అన్నాడు. ఏం మాట్లాడాలని అడిగితే, "నీకు మాటలు నేర్పిన మనిషి దగ్గరికి వెళ్లడానికి మాటలు కూడబలుక్కోవాలా?" అన్నాడు.

మే 11

వెళ్లాను.

అక్క కిటికీ దగ్గర బావ ప్యాంటు అంచు కుడుతోంది. నన్ను చూసి సూదీ దారమూ చాచింది. "ఎక్కించు. కళ్లు ఆనడం లేదు." ఎక్కించాను. మూడుసార్లు తప్పింది.

క్షమించమన్నాను. జనం నుంచి దాక్కుంటున్నావనుకున్నాను అక్కా, అది తప్పనుకున్నాను, అందుకే నొక్కాను అన్నాను.

"జనానికేంరా. వాళ్లు మంచివాళ్లు. ఎలా పాడినా చప్పట్లు కొడతారు, చూశావుగా." కొంచెం ఆగింది. ఇప్పుడు మాట్లాడాలన్నా మధ్యమధ్య ఊపిరి తీసుకోవాలి. "జనానికి వినపడకూడదని కాదు. నాకు వినపడకూడదని."

నాకు అర్థం కాలేదు. మొహం చూసి తెలుసుకుంది.

"నీ శబ్దం అంత పెద్దగా ఉంటే నా గొంతు నా చెవికి చేరేది కాదు. నోరు తెరిచేదాన్ని, ఊపిరి వదిలేదాన్ని, ఎక్కాల్సిన చోట ఎక్కేదాన్ని. అప్పుడు లోపల పాతదే వినపడేది. అచ్చం పాతదే. కొట్లో ఆ పెట్టె మోగినప్పుడు మొదటిసారి వినపడింది. ఏడుపొచ్చింది, అందుకే మీ వైపు తిరగలేదు."

"గొంతు తిరిగి వస్తుందన్నారుగా."

"రాదని జనవరిలోనే చెప్పేశారు. బావకు తెలుసు. పంతులికీ చెప్పాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నాను. స్టూలు మీద కూర్చున్న రోజు." కుట్టు మీద నుంచి కళ్లెత్తలేదు. "మాట్లాడకూడదన్నావు."

కిటికీ కింద వీధిలో ఎవరో సైకిలు పంపు కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది. తర్వాత గబగబా ఏదేదో వాగాను. రేపే షెడ్డులో అన్నీ తగిలిస్తాను, ఇంకో పెట్టె తెస్తాను, ఆ ఆంప్‌కు రెండు పెట్టెలు తగిలించవచ్చు, జనం వద్దు, సభలు వద్దు, షెడ్డు తలుపులు మూసి నువ్వొక్కదానివే పాడుకో, రేకులు ఊడిపోయేలా వాయిస్తాను, నీకేమీ వినపడదు, ఒట్టు.

అక్క అన్నీ విన్నది. దారం పంటితో తెంపింది.

"ఇప్పుడు వినేశాను కదరా," అంది.

మే 12

షెడ్డుకు వెళ్లి స్టూలు విరగ్గొట్టాను. బావ అడ్డుకోలేదు. అంతా అయ్యాక, "అది నా పని స్టూలు. నీ సిద్ధాంతానికి ముందు నుంచీ ఉంది. కొత్తది చేసి పెట్టు," అన్నాడు. చెక్క ముక్కలు ఇద్దరం ఏరాం. ఏరుతూ ఏరుతూ బావ నేల మీద కూర్చుండిపోయాడు. ఆయన ఏడవడం నేను చూడలేదు అని రాస్తున్నాను.

మే 19

ఏమీ లేదు.

జూన్ 1

కొట్టాయన ఆంపూ పెట్టే తిరిగి తీసుకుంటానన్నాడు. ఏమైనా లోపం ఉందా అని అడిగాడు. ఏ లోపమూ లేదని చెప్పాను. మీరు దాని గురించి ముందే సరిగ్గా చెప్పారని కూడా చెప్పాను.

ఓవర్‌డ్రైవ్ పెడల్ కొత్త కుర్రాళ్లెవరికైనా ఇమ్మన్నాను. ట్యూనర్ ఇవ్వలేదు. ఎందుకో తెలియదు. నా గదిలో మంచం కింద ఉంది.

జూన్ 8

ఆదివారం. అక్క బజారుకు వెళ్తోందని బావ చెప్పాడు. వెంట వెళ్లాను. వద్దనలేదు, రమ్మనలేదు. నేను రెండడుగులు వెనక నడిచాను. కూరల సంచి తనే పట్టుకుంది. రెండుసార్లు అడిగాను, ఇవ్వలేదు.

బస్సు స్టాపు దగ్గర ఒకావిడ మా ముందు ఆగింది. కండక్టరు యూనిఫాంలో ఉంది, డ్యూటీ దిగి వస్తున్నట్టుంది. అక్క మొహంలోకి తేరిపారా చూసి, ముఖమంతా నవ్వయి, "మీరే కదూ? పాడేవారు. మా డిపో గేటు దగ్గర సమ్మెలో పాడారు, రెండేళ్లయింది. మా చిన్నమ్మాయి ఇప్పటికీ ఆ పాటే పాడుకుంటుంది," అంది.

అక్క పెదాలు కదిలాయి. మాట్లాడితే ఆ గాలి గొంతు బయటపడుతుంది. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది, జవాబు కోసం.

"కాదండీ," అన్నాను నేను. "ఇంకెవరో అనుకుంటున్నారు. మా అక్కకు పాటలు రావు."

ఆవిడ నన్నూ అక్కనూ మార్చి మార్చి చూసింది. "అచ్చం అలాగే ఉన్నారమ్మా. ఏమీ అనుకోకండి," అంది. "ఆవిడ గొంతు ఎలా ఉండేదనుకున్నారు." అది ఎలా ఉండేదో చెప్పడానికి చెయ్యి గాల్లోకి ఎత్తింది, మాట దొరక్క దించేసింది. అంతలో ఆవిడ బస్సు వచ్చింది.

బస్సు మలుపు తిరిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. అప్పుడు అక్క సంచి నా చేతికిచ్చింది.